గంధం కింద సంతకం

సాన మీద గంధపుచెక్క అరగదీస్తే ఇల్లంతా చల్లబడుతుందంటారు. నాకు మాత్రం ఆ వాసనకు పక్కింటి ఆంజప్ప మామ గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది. కుందారపల్లిలో హైవే పక్కన ఆయనది పంక్చరు అంగడి. ఆ ఊరికి కొత్త కోడలిగా వచ్చి నోరు విప్పని నాకు కథ చెప్పడం నేర్పింది ఆయనే. "చూసింది చూసినట్టు చెప్పమ్మా, వాసనతో సహా చెప్పు," అనేవాడు.

ఆయన కథల్లో పెద్దది ఒకటే. నేను రాకముందు, బెంగళూరుకు పోతున్న ఒక పెద్ద సినిమా నటుడి కారు ఆ అంగడి ముందే పంక్చరైంది. మామ టైరు బాగు చేశాడు. ఆయన భార్య మునెమ్మత్త చెంబుతో మజ్జిగ ఇచ్చింది. అంగడి గోడకు అంటించిన తన బొమ్మను చూసి ఆ నటుడు నవ్వి, దాన్ని ఊడదీయించి, కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశాడట. మామ దానికి పటం కట్టించాడు. అత్త పోయాక ఆ పటమే ఆయనకు తోడు.

ఏటా ఆయుధపూజకు జాకీకీ స్పానర్లకూ గాలి మిషనుకూ బొట్లు పెట్టి, చివర్లో పటం అద్దం తీసి, సరిగ్గా సంతకం మీదే తడి గంధం అద్దేవాడు.

"అద్దం మీద పెట్టరాదా మామా?"

"గుడి తలుపుకు పెడితే దేవునికి పెట్టినట్టేనా అమ్మా?" అని నవ్వేవాడు.

ఆ నటుడు కాలం చేశాక, ఆయన గుర్తులన్నీ చేర్చి బెంగళూరులో ప్రదర్శన పెడుతున్నానంటూ ఒకాయన వచ్చాడు. మామ కొత్త పంచె కట్టుకున్నాడు. అక్కడ పటం కింద మునెమ్మత్త పేరు రాయించాలని ఆయన ఆశ. వచ్చినాయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"తడికి ఇంకు అంతా కరిగిపోయిందప్పా. గీత యాడ మొదలో, యాడ ముగింపో తెలీడం లేదు. మిగిలిన కాస్తా ఆయన సంతకం మాదిరి లేదే."

"బానెట్ కాలతా ఉండె సార్, చెయ్యి నిలబడలేదు."

"నటుల ఫొటోల మీద వాళ్ళ దగ్గర పనిచేసేవోళ్ళు పెట్టిన సంతకాలే ఎక్కువ. చూసినోళ్ళు ఎవరన్నా ఉండారా?"

"నా పెండ్లాం చూసింది."

"పిలువప్పా మరి."

మామ గోడ మీది అత్త ఫొటో చూపించాడు. వచ్చినాయన భూతద్దం సంచిలో పెట్టుకున్నాడు.

మరుసటిరోజే టీ అంగడిలో ఎగతాళి మొదలైంది. "ఆ సంతకం నువ్వే పెట్టుకున్న్యావంట కదా మామా!"

"నాకు రాసేదొస్తే గదరా పెట్టుకునేది? వేలిముద్రగాణ్ణి!"

అందరూ పగలబడి నవ్వారు, ఆయన తప్ప.

ఆ తర్వాత ఆ కథ చెప్పడం మానేశాడు. ఒక సాయంత్రం మా గడప మీద కూర్చుని, మెల్లగా అడిగాడు. "ఆ పొద్దు కారులో వచ్చింది ఆయనేనంటావా అమ్మా? ఆయన మాదిరి ఉండే ఇంకెవరన్నానా?"

"ఆయనే మామా."

"నువ్వు చూసినావా?"

చూసింది చూసినట్టు చెప్పమన్న మనిషితో చూడనిది చూశానని ఎలా చెప్పను? ఆయన లేచి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు ఆయనా కాలం చేశాడు. ఆ పటం ఇప్పుడు మా ఇంట్లో ఉంది. పూజనాడు కత్తిపీటకూ రుబ్బురోలుకూ బొట్టు పెడుతూ దాని దగ్గరికి వస్తాను. వేలి మీది గంధం వేలి మీదే ఆరిపోతుంది.