పాటల కింద నాయన గొంతు

2004లో తిరుపతిలో నాది పాత వీడియో క్యాసెట్లను డిస్కుల్లోకి మార్చే చిన్న షాపు. ఒక ఉదయం కార్వేటినగరం నుంచి సరోజ అనే టీచరు వచ్చింది. చేతిలో తన పెళ్ళి క్యాసెట్, దాన్నుంచి వేరే షాపువాడు చేసిచ్చిన వీసీడీ ఉన్నాయి. పెళ్ళయిన అయిదో నెలలో వాళ్ళ నాయన పోయారట. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

వీసీడీ పెట్టి చూశాను. ముఖాలన్నీ గళ్ళు గళ్ళు. నాకు ఒళ్ళు మండింది. వీసీడీలో పట్టేది డెబ్బై నాలుగు నిమిషాలు. క్యాసెట్ మూడు గంటలు. మూడు డిస్కులు కావాలి. ఆ మహానుభావుడు బిట్‌రేటును, అంటే ఒక్కో సెకను బొమ్మకు దక్కే సమాచారాన్ని, సగానికన్నా కిందికి కోసి ఒక్కదాంట్లో కుక్కాడు.

"అంతా ఒక్కదాంట్లోనే పట్టించినా సూడమ్మా అని గొప్పగా చెప్పినాడన్నా."

"బస్తా బియ్యం సేరులో పట్టించినానంటే, మిగతాది యాడికి పోయిందని అడగవా తల్లీ?"

క్యాసెట్ ఆడించే వీసీఆర్ హెడ్ తుడిచి, టేపును ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టాను. గంటకు పదమూడు జీబీ చొప్పున, ఏమీ కోయకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తర్వాత డిస్కుకు గంటన్నర లెక్కన రెండు డీవీడీలకు ఎన్‌కోడ్ చేశాను. పట్టుచీర జరీ కూడా తేటగా కనిపించింది. వారం తర్వాత ఆమె వస్తే గర్వంగా చూపించాను.

"బొమ్మ శానా బాగుండాదన్నా. మా నాయన నోరు కదిలిస్తాండాడు. మాట యాడ?"

మాట లేదు. మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలే. క్యాసెట్ మీదున్న నంబరు చూసి, పెళ్ళి తీసిన చిత్తూరు వీడియో అతనికి అప్పుడే ఫోన్ చేశాను.

"కెమెరా టేపే ఇచ్చేసినా అన్నా. దాని మీదే పాటలు డబ్బింగ్ కొట్టినా. పాటల్లేకుంటే అది పెండ్లి క్యాసెట్టా, సావు క్యాసెట్టా?"

"ఆ పెద్దాయన సచ్చిపోయినాడప్పా. ఇప్పుడిది ఏం క్యాసెట్టో నువ్వే చెప్పు!"

ఫోన్ విసిరికొట్టినట్టు పెట్టాక అతని మాట బుర్రలో తిరిగింది. కెమెరా టేపు మీదే డబ్బింగ్. టేపులో శబ్దం రెండు చోట్ల ఉండొచ్చు. అంచున సన్నటి గీతగా ఒకటి. మంచి కెమెరా అయితే, బొమ్మతో కలిసిపోయి హై-ఫై ట్రాక్‌గా రెండోది. డబ్బింగ్ చెరిపేది అంచు గీతనే. బొమ్మను చెరపకుండా రెండోదాన్ని చెరపలేరు. నా వీసీఆర్‌లో ఏది వినాలో ఎంచుకునే స్విచ్ ఉంది. పాత టేపుల్లో హై-ఫై గరగరమంటుందని, శబ్దం శుభ్రంగా ఉండాలని, ఆ స్విచ్‌ను అంచు గీత వైపు పెట్టి ఉంచింది నేనే.

స్విచ్ మార్చాను. పాటలు పోయాయి. నాదస్వరం, పిల్లల గోల, మధ్యలో ఒక పెద్ద గొంతు:

"ఏమప్పా వీడియో! లైటేసుకోని అడ్డం నిలబడితే ఎట్ల? నా కూతుర్ని నేను సూడల్లా, వద్దా?"

సరోజ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే స్టూలు మీద కూలబడి, "మళ్ళా పెట్టన్నా" అంది. ఏడుసార్లు పెట్టాను.

ఆమె వెళ్ళాక కోపం ఎవరి మీద పడాలో తెలిసింది. స్విచ్ అలా ఉండగా నేను మార్చిన క్యాసెట్లు రెండు వందల పద్నాలుగు. జీబీలు, నిమిషాలు అన్నీ లెక్క కట్టాను. టేపులో ఏముందో ముందు రెండు చోట్లా వినాలని ఒక్కసారీ తోచలేదు. పైగా క్యాసెట్ తిరిగిస్తూ ప్రతివారికీ చెప్పాను, "ఇంక దీంతో పనిలేదు, పారేసుకోవచ్చు" అని.

అడ్రసు దొరికిన అందరికీ జాబులు రాశాను. పదకొండు మంది క్యాసెట్లు తెచ్చారు. మిగిలినవాళ్ళు అప్పటికే నా మాట నమ్మారు.