దయ్యం పడుకున్న మధ్యాహ్నాలు

నా చిన్నప్పుడు మా గల్లీలో పొద్దంతా సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉండేది. మిఠాయిల మీద, పాన్ల మీద అతికించే వెండి వరఖు కొట్టే కార్ఖానా మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉండేది. తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి, ఆ కట్టను రాతి మీద ఉంచి, ఊపిరి తగిలితే చిరిగిపోయేంత పలచన అయ్యేదాకా కొడతారు. మా చిన్నాయన అక్కడే పనిచేసేవాడు. పాతబస్తీలో పుట్టినవాళ్ళకు ఆ చప్పుడు చెవిలో పడదు. శుక్రవారం మధ్యాహ్నం అది ఆగినప్పుడే మేము తలెత్తి చూసేవాళ్ళం, ఏమైందా అని.

మా అమ్మ, బాపు ఊళ్ళు తిరిగి రాళ్ళు కొట్టే పనికి పోయేవాళ్ళు. నన్ను నాయనమ్మ దగ్గర వదిలారు. నేను బడికి పోయింది తక్కువ, నల్లా దగ్గర నీళ్ళు పట్టి మోసింది ఎక్కువ. చిన్నాయనకు పెళ్ళయి చిన్నమ్మ మా ఇంటికి వచ్చాక నాకు కొంచెం సుఖం దొరికింది. నాకంటే మరీ పెద్ద ఏం కాదు ఆమె. నా తల దువ్వుతూ పేలు చూస్తూ నవ్వేది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే తర్వాత చాలాకాలం అది మా ఇంట్లో లేదు.

చిన్నమ్మకు తల్లి లేదు. అందుకని తొలికాన్పు పుట్టింట్లో కాకుండా మా ఇంట్లోనే అయింది. మగపిల్లవాడు పుట్టాడు. గల్లీలో ఆడవాళ్ళంతా వచ్చారు.

"ముక్కు జూడుండ్రి, అచ్చం వాళ్ళయ్యదే. సుత్తితోని కొట్టినట్టు చప్పిడిగ ఉన్నది."

"మెల్లగ అనవే, పిల్లగాడు ఇంటుండు."

నవ్వారు, చక్కెర నోట్లో వేసుకున్నారు, పోయారు. గోడకు ఆనుకుని కూర్చున్న చిన్నమ్మ వైపు ఎవరూ చూడలేదు. చూడాలని వాళ్ళకు ఎందుకు తోస్తుంది. బిడ్డ పుట్టిన ఇంట్లో అందరూ చూసేది బిడ్డనే కదా.

నాయనమ్మ చెడ్డ మనిషి కాదు. ఇది ముందే చెప్పాలి. ఆమె చెల్లెలు బాలింతగా ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం కునుకు తీసి మళ్ళీ లేవలేదట. ఎందుకు లేవలేదో ఎవరికీ తెలియదు. నాయనమ్మకు మాత్రం ఆ పగటినిద్ర ఒక్కటే కనిపించింది. అందుకని కోడలిని కాపాడుకోవాలని కంకణం కట్టుకుంది. చిన్నమ్మ చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, గోడవార కూర్చోబెట్టి ఎదురుగా తను కూర్చునేది. కళ్ళు వాలితే భుజం కుదిపేది.

"కండ్లు మూయకు బిడ్డా. పగలు పండుకుంటె ఒళ్ళంత నీరు దిగుతది."

తాగడానికి నీళ్ళు కూడా గొంతు తడిసేటన్ని మాత్రమే ఇచ్చేది. రాత్రి పిల్లవాడు పడుకోనివ్వడు. పగలు నాయనమ్మ పడుకోనివ్వదు. అలా వారాలు గడిచాయి. చిన్నమ్మ కళ్ళు తెరిచే ఉండేవి కానీ ఆ కళ్ళలో మనిషి ఉన్నట్టు ఉండేది కాదు. పిలిస్తే ఎక్కడినుంచో నడిచి వచ్చినట్టు ఆలస్యంగా పలికేది.

ఒకరోజు పిల్లవాడు నా ఒళ్ళో మంచి నిద్రలో ఉన్నాడు. చిన్నమ్మ నా దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది.

"ఏడుపు ఇనపడుతుందా నీకు?"

"లేదు చిన్నమ్మా. పండుకున్నడు."

"వీడు గాదు. ఎదురుంగ. వాళ్ళు కొడుతున్నరు జూడు, ఆ సుత్తి కింద ఏడుస్తుండు."

నేను కార్ఖానా వైపు చూశాను. చప్పుడు మామూలుగానే ఉంది. కానీ ఆమె అన్నాక నాకూ అందులో ఏడుపు వినిపించింది. అంత చిన్న పిల్లను, వినిపించకుండా ఎలా ఉంటుంది. ఆ రోజు నుంచి నేను కూడా చెవులు మూసుకుని తిరిగాను. చిన్నమ్మ మాత్రం వింటూనే ఉంది. ఒళ్ళో ఉన్న బిడ్డకు పాలిస్తూ తలుపు వైపు చూసేది. తన కొడుకు అక్కడ ఉన్నాడని, ఇక్కడ ఉన్నది ఎవరి బిడ్డో అని నమ్మకం కుదిరింది ఆమెకు. నాకొక్కదానికే చెప్పింది. నేను ఎవరికి చెప్పను, ఏమని చెప్పను.

తర్వాత వచ్చిన శుక్రవారం. నాయనమ్మ మిరియాలు, వాము తేవడానికి బజారుకు పోయింది. నేను వెనక వాకిట్లో పిల్లవాడి గుడ్డలు పిండుతున్నాను. నమాజు వేళ అయింది, కార్ఖానాలో సుత్తులు ఆగాయి. గల్లీ అంతా ఒక్కసారి చెవుడు పట్టినట్టయింది.

నేను లోపలికి వచ్చేసరికి గోడవార ఎవరూ లేరు. వీధి తలుపు తీసి ఉంది. చిన్నమ్మ గల్లీ దాటి కార్ఖానా తలుపు ముందు నిలబడి ఉంది. పిల్లవాడిని ఆ తలుపు ముందరి రాతి మెట్టు మీద ఎండలో పడుకోబెట్టింది. మూసిన తలుపును అరచేతులతో కొడుతోంది.

"చప్పుడు ఆపిండ్రు. వాని ఏడుపు ఇనపడుతలేదు. మీది మీరు తీస్కోండ్రి, నాది నాకు ఇయ్యిండ్రి."

లోపల ఎవరూ లేరు, అందరూ మసీదులో ఉన్నారు. ఎవరూ పలకకపోయేసరికి ఆమె కార్ఖానా వెనక తలుపు వెతుక్కుంటూ సందులోకి తిరిగిపోయింది. పిల్లవాడు మెట్టు మీదే ఉండిపోయాడు, ఇంకో జానెడు దొర్లితే గల్లీలో పడతాడు. మూల మీద నుంచి కట్టెల బండి ఒకటి దిగువకు వస్తోంది. ఆ వాలులో బండి ఆపడం ఎవరివల్లా కాదు. నేను పిండిన గుడ్డ చేతిలో పట్టుకుని మా గడప మీదే ఉండిపోయాను.

మేము పిన్ని వరసన ఖాలా అని పిలిచే పక్కింటామె కిటికీకి కట్టిన వెదురు చిక్కు వెనక కూర్చుని లక్క గాజులకు అద్దాలు అతికిస్తూ ఉండేది. చిక్కులోంచి ఆమెకు గల్లీ కనపడేది, గల్లీకి ఆమె కనపడేది కాదు. ఏనాడూ బురఖా లేకుండా గడప దాటని మనిషి. ఆ రోజు తలమీద కొంగు కూడా లేకుండా, వేళ్ళకు లక్క అంటుకుని ఉండగానే ఉరికి వచ్చి పిల్లవాడిని ఎత్తుకుంది. బండి ఆమె వెనక నుంచి పోయింది. తర్వాత సందులోకి వెళ్ళి చిన్నమ్మ రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ఇంట్లో కూర్చోబెట్టి, చెంబుడు నీళ్ళు తెచ్చి పట్టింది. చిన్నమ్మ ఆ నీళ్ళు తాగిన తీరు చూసి ఖాలా కళ్ళు తుడుచుకుంది.

సంగతి దాగలేదు. సాయంత్రానికి గల్లీ అంతా గాలి సోకిందని తేల్చారు. మూసీ అవతల ఒకాయన ఉన్నాడని, మిరపకాయల పొగ పెట్టి, చింతబరిగెతో కొట్టి దయ్యాన్ని వదిలిస్తాడని నాయనమ్మ చెప్పింది. అమావాస్యకు తీసుకుపోవాలని అనుకున్నారు. చిన్నాయన తల వంచుకుని సరేనన్నాడు. పచ్చి బాలింత, నిలబడితే ఊగిపోతోంది, ఆ పొగకు, ఆ దెబ్బలకు బతుకుతుందా అని ఎవరూ అనుకోలేదు. నేను అనుకున్నాను, కానీ నా మాటకు ఏం విలువ.

అప్పుడు ఖాలా మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా, ఈ బలా, మీరు దయ్యమంటరే, దీని సంగతి నాకు ఎరుకే. గిది కండ్లతోని పట్టుకునేది. మంది చూస్తున్నకొద్దీ బలుస్తది. నువ్వు పొద్దంత ఎదురుంగ కూసోని చూస్తనే ఉంటివి, అది ఎట్ల పోతది?"

నాయనమ్మ భయపడింది. "మరి ఏం జెయ్యాలె బీబమ్మా?"

"మా ఇంట్ల పర్దా ఉన్నది. పగటి నమాజు అజా అయినంక తోల్కపోత, మల్ల అజాకు తోల్కొస్త. లోపటికి ఎవ్వరు చూడొద్దు, ఎవ్వరు పేరుపెట్టి పిలువొద్దు. బాలింతరికం అయిపోయేదాంక."

"అంత బాగనే ఉన్నది. ఆడ పండుకుంటెనో? పగటినిద్ర మంచిది గాదు."

"పండుకుంటె అది పండుకుంటది అమ్మా, నీ కోడలు గాదు. దయ్యానికి నీరు దిగుతదా?"

నాయనమ్మ లోపల గోడవార ఉన్న కోడలి వైపు చూసింది. "దిగదు" అంది చివరికి.

మరుసటి రోజు నుంచి చిన్నమ్మ ఖాలా ఇంట్లోకి, నేను ఖాలా గడప మీదికి. ఎవరైనా వస్తే లోపల పని నడుస్తోందని చెప్పడం నా పని. నిజం చెప్పాలంటే దయ్యాన్ని చూడాలని నాకు మస్తు ఆశగా ఉండేది. భయం ఉండేది కానీ ఆశే ఎక్కువ. లోపల నుంచి సాంబ్రాణి పొగ వచ్చేది. మంత్రాలు, అరుపులు ఏమైనా వినిపిస్తాయేమో అని చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఏమీ వినిపించేది కాదు. చివరికి ఒకరోజు ఆగలేక పర్దా అంచు పట్టి కొంచెం పక్కకు జరిపాను.

చిన్నమ్మ చాప మీద ఒక పక్కకు తిరిగి, నోరు తెరుచుకుని, బొంత కప్పుకుని నిద్రపోతోంది. అంతే. తల పక్కన నీళ్ళ చెంబు ఉంది. ఖాలా పిల్లవాడిని భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ నడుస్తోంది. నన్ను చూసి కోప్పడలేదు. దగ్గరికి రమ్మని సైగ చేసి, వినీ వినపడనట్టు అంది.

"నిద్ర బేటీ. అది లేకనే దీనికి పట్టింది, అది దొరికితేనే పోతది. మీ నాయనమ్మకు చెప్పకు. చెప్తే లొల్లి అయితది, ఈ పిల్ల మల్ల గోడకు కూసుంటది."

"నాయనమ్మకు అబద్ధం చెప్పినవా ఖాలా?"

"ఆమె చెల్లెను యాది చేసుకోని భయపడుతది. ఆ భయంతోని నేను కొట్లాడి గెలుస్తనా? పక్కనుంచి పోయిన." పిల్లవాడి వీపు నిమిరింది. "నా పెద్దోణ్ణి నేను గూడ గట్లనే పెట్టిన, బావి గట్టు మీద. నా కాడ ఎవ్వరు లేకుండిరి బేటీ."

ఖాలాకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ నాకు తెలుసు. పెద్దోడు అని ఆమె అన్నది వాళ్ళలో ఎవరినీ కాదు. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆమె నడక ఆగలేదు, పిల్లవాడు లేస్తాడని.

చిన్నాయన సంగతి కూడా చెప్పాలి. పెళ్ళాన్ని చూస్తే భయమేసి అతను ఇంటికి రావడమే తగ్గించాడు, కార్ఖానాలో రాళ్ళ మధ్య పడుకునేవాడు. ఖాలా పర్దా వెనక నుంచే పిలిచి దులిపేసింది.

"దయ్యానికి భయపడేటోనివి పెండ్లెందుకు చేసుకున్నవ్ భయ్యా? పనికి పోయే ముందు పిల్లగాణ్ణి ఎత్తుకో. అంతల నీ పెండ్లాం రెండు బుక్కలు తింటది."

"ఈ చేతులతోని వెండినే పలచగ కొడుత ఆపా. పిల్లగాణ్ణి ఎట్ల పట్టుకోవాలె?"

"వెండి చిరగకుండ ఎట్ల ఎత్తుతవ్? గట్లనే."

అతను అలాగే ఎత్తుకున్నాడు, ఊపిరి బిగబట్టి, వరఖు ఎత్తినట్టు. జోకొట్టడం రాక సుత్తి పడే వరుసలోనే వీపు తట్టేవాడు. పిల్లవాడు దానికే పడుకునేవాడు. చిన్నమ్మ గిన్నె ముందు కూర్చుని వాళ్ళిద్దరినీ చూస్తూ అన్నం తినేది. ఆ ఇద్దరికీ తల్లీతండ్రీ అవడం అక్కడే మొదలైందని నాకు అనిపిస్తుంది, బిడ్డ పుట్టిన రోజున కాదు.

చిన్నమ్మ తేరుకుంది. ఒకరోజు నేను గుడ్డలు సరిగా పిండలేదని నన్ను తిట్టింది. ఆ తిట్టు విని నాయనమ్మ ఏడ్చింది, కోడలు కోడలిలా మాట్లాడిందని. దయ్యం వదిలిపోయిందని గల్లీ అంతా చెప్పింది. నాయనమ్మ బతికినంతకాలం ఆ మాటే నమ్మింది. నేను నోరు విప్పలేదు. నా పెళ్ళయ్యాక మా ఆయనకొక్కడికే చెప్పాను. ఆయన పోయాక ఇప్పుడే మళ్ళీ చెప్తున్నాను.

కానీ పూర్తిగా వదిలిందని నేను చెప్పలేను. చిన్నమ్మ ముసలిదై పోయేదాకా నేను గమనించాను. కొడుకు బయటి నుంచి ఇంట్లోకి వస్తే ఆమె వెంటనే పలకరించేది కాదు. ఒక్క క్షణం అతని ముఖం చూసేది, పోల్చుకుంటున్నట్టు. అతనికి తల నెరిసినా ఆ క్షణం పోలేదు. చూసి, వీడేలే అని నిమ్మళపడి, అప్పుడు "వచ్చినవా కొడుకా" అనేది. అతనికి ఈ కథ తెలియదు. తల్లికి చూపు ఆనదేమో అనుకునేవాడు.

మొన్న నా మనవడికి బిడ్డ పుట్టింది. బార్కస్ బస్తీ నుంచి చుట్టాలు వచ్చారు, ఆటోలు దిగి గుంపులుగా వచ్చారు. ఫోన్లు పట్టుకుని అందరూ పిల్ల మీదికి వంగారు. కళ్ళు ఎవరివి, రంగు ఎవరిది అని ఒకటే మాటలు. నేను పోయి పిల్ల తల్లి ఎదురుగా కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా ఏ బాలింత ఇంటికి పోయినా ముందు చేసేది ఇదే. ఆ అమ్మాయి బిడ్డను ఎలా చూస్తోందో చూస్తాను. చిన్నమ్మ చూసిన చూపు అందులో ఉందేమో అని వెతుకుతాను. నా కళ్ళు ఇప్పుడు సరిగా కనపడవు, మసక. ఉన్నదీ లేనిదీ తెలియడం లేదు. అందుకని వెతకడం మానేసి బిడ్డను నా ఒళ్ళోకి తీసుకుని, ఆ అమ్మాయితో నువ్వు పడుకో తల్లీ అంటున్నాను.