బీరువాలో పాస్‌పోర్టు, చేతిలో తాళంచెవి

నా చిన్నప్పుడు మేము కువైట్‌లోని సల్వాలో, ఒక పెద్ద విల్లా వెనక రెండు గదుల్లో అద్దెకు ఉండేవాళ్ళం. మా నాన్న మంగఫ్ దగ్గర ఒక కంపెనీలో మెకానిక్కు. మాది కడప జిల్లా అయినా నేను పుట్టింది కువైట్ ఆస్పత్రిలో. పుట్టిన దేశం అదే అయినా ఆ దేశానికి నేనేమీ కాను. మా అమ్మ, నేను మా నాన్న ఇఖామా కింద, అంటే ఆయన నివాస అనుమతి కింద, ఉండేవాళ్ళం. మా నాన్న తన కఫీల్, అంటే తనకు పూచీ ఉన్న అక్కడి యజమాని, పేరు కింద ఉండేవాడు. అక్కడ మాలాంటి ప్రతి మనిషీ ఇంకొకరి పేరు కింద నిలబడాల్సిందే. అది నాకు వింతగా తోచేది కాదు. గొడుగు కింద పుట్టిన పిల్లకు గొడుగు కనపడదు.

ఇప్పుడు నేను అమెరికా వచ్చి పాతికేళ్ళు దాటింది. పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. మిగిలిన చదువంతా ఇక్కడి మా ఊరి లైబ్రరీలో, చరిత్ర పుస్తకాల అరల ముందు నిలబడి నేర్చుకున్నదే. ఏ అరలో ఏ పుస్తకం ఉందో అక్కడ పనిచేసేవాళ్ళకన్నా నాకే బాగా తెలుసని చెప్పుకోవడానికి సిగ్గుపడను. ఈ దేశం మిగతా దేశాలకన్నా వేరుగా ఎందుకుందో చెప్పే పుస్తకాలు ఆ అరల్లో చాలా ఉన్నాయి. రెండు వైపులా సముద్రాలుండటం వల్ల అంటారు ఒకరు. ఖాళీ భూమి దొరకడం వల్ల అంటారు ఇంకొకరు. ఆ భూమి ఖాళీగా లేదని ఆ పక్క పుస్తకమే చెబుతుంది. రాజ్యాంగం అనేవాళ్ళున్నారు. అన్నీ చదివాను, అన్నిటిలోనూ కొంత నిజం ఉంది. నాకు తెలిసిన సంగతి మాత్రం ఆ పుస్తకాలకన్నా ముందే, పదకొండేళ్ళ వయసులో, మంగఫ్‌లోని ఒక రేకుల షెడ్డులో మొదలైంది.

మా పక్క విల్లాలో ఇంటిపని చేసే ఒక అక్క ఉండేది. ఆమెదీ మా జిల్లానే. చదువు రాదు. నెలకు రెండు శుక్రవారాలు వెనక గోడ దగ్గరకు వచ్చి, తన తల్లికి ఉత్తరం నాతో రాయించుకునేది. ఆమెకు రెండు పేర్లుండేవి. చిన్న వయసు పిల్లను పంపడం కుదరదని ఏజెంటు ఎవరో పెద్ద వయసు మనిషి పేరు మీద పాస్‌పోర్టు తీయించాడు. ఆ ఇంటి మామా, అక్కడ యజమానురాలిని అలా అంటారు, ఆమెను పిలిచేది ఆ పాస్‌పోర్టు పేరుతోనే. ఉత్తరం అడుగున మాత్రం తల్లి పెట్టిన పేరు రాయించుకునేది. రాశాక కాగితం తీసుకొని ఆ పేరున్న చోటు వేలితో తడిమేది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. యుద్ధమంటే నేను అనుకున్నట్టు లేదు. ఒక రోజు బడి లేదు, పని లేదు, ఇంకో రోజు రొట్టెల దుకాణం ముందు పొడుగాటి వరస. పక్క విల్లా వాళ్ళు ఎండలకు తాళలేక అప్పటికే వేరే దేశానికి వెళ్ళి ఉన్నారు, ఇక రాలేదు. అక్క ఒక్కతే ఆ ఇంట్లో మిగిలింది. రోడ్డు మీద ట్యాంకులు పోతుంటే ఆమె పొద్దున్నే లేచి ప్రహరీ లోపలి ఖర్జూరపు మొక్కలకు నీళ్ళు పోసేది.

గోడ మీదుగా మా అమ్మ అడిగింది. "నీ మామా యా దేశంలో ఉండాదో ఏమో. నువ్వు ఈడ చెట్లకు నీళ్ళు పోస్తా కూచ్చున్నావా?"

"చెట్లకేం తెల్సు వదినా, యుద్ధం సంగతి" అంది అక్క. "రేపొచ్చి ఎండిపోయినాయేమంటే నేనేం చెప్పాల?"

మూడు వారాలకు మా నాన్న కబురు తెచ్చాడు. కంపెనీ బస్సు ఒకటి బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు వెళుతుంది, అక్కడి నుంచి మన దేశం విమానాలున్నాయి, మంగఫ్ షెడ్డులో పేర్లు రాస్తున్నారు. మా అమ్మ మూట కట్టడం మొదలుపెట్టకముందే గోడ వైపు చూసింది. ఆ చూపు నాన్నకు అర్థమైంది.

"ఆయమ్మి పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉండాది. బీరువా తాళం వాళ్ళ కాడ ఉండాది. కాగితం లేని మనిషిని ఎక్కించుకుంటే చెక్‌పోస్టులో బస్సంతా ఆపేస్తారు. అందరి గతీ ఏమి?" అన్నాడు.

"అడిగి చూద్దాం. వద్దంటే అప్పుడు చూసుకుందాం" అంది అమ్మ.

నాన్న భయంలో తప్పేమీ లేదు. పైగా పేర్లు రాసేది స్టోరు తాతయ్య. ఆయన బెజవాడ వైపు మనిషి, కంపెనీ సామాన్ల గోదాము ఆయన చేతిలో ఉండేది. చీటీ లేకుండా ఒక్క నట్టు కూడా బయటికి ఇవ్వడని పేరు. సాక్షాత్తు మేనేజరే వచ్చి చేతి గుడ్డ అడిగితే చీటీ రాసుకు రమ్మన్నాడని నాన్న ఇంట్లో నవ్వుతూ చెప్పేవాడు. ఆ పేరు వల్లే బస్సుకు పేర్ల పట్టీ రాసే పని అందరూ కలిసి ఆయనకు అప్పగించారు.

షెడ్డులో ఫ్యాన్లు తిరగడం లేదు. మా ముగ్గురి పేర్లు పాస్‌పోర్టులు చూసి రాసుకున్నాడు. తర్వాత అక్క వంతు. ఆమె పాస్‌పోర్టు ఇంటివాళ్ళ బీరువాలో ఉండిపోయిందని అమ్మ చెప్పింది. పేరేమిటని అడిగితే ఆమె పాస్‌పోర్టులో ఉన్న పేరు చెప్పింది. ఆ దేశంలో ఎవరడిగినా చెప్పే పేరు అదే మరి.

నేను ఊరుకోలేకపోయాను. అప్పటికే నాకు చదువుకున్నదాన్నన్న గర్వం ఉండేది. తప్పు కనిపిస్తే దిద్దాలనిపించేది. "అది అక్క పేరు కాదు తాతయ్యా" అని అసలు పేరు చెప్పేశాను.

వరసలో అందరూ మా వైపు తిరిగారు. అక్క నా వైపు చూడలేదు, నేల చూసింది. మా వెనక తెలంగాణ వైపు వెల్డింగు మనిషి ఒకాయన ఉన్నాడు. "ఏమయ్యా తాతా, గుడ్డపేలిక కావాల్నంటే చీటీ అడిగెటోనివి. ఇప్పుడు చీటీ లేని మనిషినే ఎక్కిస్తవా? అదీ రెండు పేర్లామెని" అన్నాడు. ఎవరో నవ్వారు. నాన్న నా రెక్క గట్టిగా పట్టుకున్నాడు. నిజం చెప్పడం వల్ల ఒక మనిషి అక్కడే ఉండిపోవచ్చునని నాకు అప్పుడు తెలిసింది.

తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీకెలా తెలుసు?" అని నన్నే అడిగాడు.

ఉత్తరాలు నేనే రాస్తానని చెప్పాను. ఆయన అక్కతో "ఏమ్మా, ఆ మూట ఇలా బల్ల మీద పెట్టి విప్పు" అన్నాడు.

అక్క మూట విప్పింది. రెండు చీరలు, దువ్వెన, రబ్బరు బ్యాండు వేసిన ఉత్తరాల కట్ట, నల్లదారానికి కట్టిన పెద్ద తాళంచెవి. తాతయ్య ఒక ఉత్తరం తెరిచి చూశాడు. తల్లి తరఫున ఎవరో రాసిన జవాబు అది, మొదట్లోనే నేను చెప్పిన పేరు ఉంది. దాన్ని పక్కన పెట్టి తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేమిటి?"

"మామా వాళ్ళ ఇంటిదయ్యా. వాళ్ళొచ్చేదాకా పోగొట్టొద్దని ఇచ్చినారు."

ఆయన తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇల్లంతా నీ చేతిలో పెట్టి, నిన్ను మాత్రం బీరువాలో పెట్టి వెళ్ళారన్నమాట" అన్నాడు. ఆ మాట గట్టిగా అనలేదు, పక్కనున్న మాకు వినపడింది.

తర్వాత వరస వైపు తిరిగి తన పని గురించి చెప్పాడు. గోదాముకు ఒక్కోసారి కాగితాలు లేకుండా సరుకు వస్తుంది. అప్పుడు దాన్ని ఎండలో పారేయరు. పెట్టె తెరిచి, ఏముందో కళ్ళతో చూసి, చూసింది చూసినట్టు రాసి, చూసినవాళ్ళు ఇద్దరు కింద సంతకం పెడతారు. కాగితం తర్వాత వస్తుంది. "నేను చీటీ అడిగేది సరుకు బయటికి పోయేటప్పుడు. లోపలికి వచ్చేదాన్ని ముందు చూస్తాను" అన్నాడు.

పట్టీలో ఒక వరస తీసుకొని నా చేతికి కలం ఇచ్చాడు. రెండు పేర్లూ నన్నే రాయమన్నాడు. "చెడగొట్టింది నువ్వేగా, రాయి" అన్నాడు. ముందు తల్లి పెట్టింది, పక్కన ఏజెంటు పెట్టింది. మూటలోని వస్తువులు ఆయన రాశాడు. ఆపైన సంతకాలు ఎవరు పెడతారని అడిగాడు. చెక్‌పోస్టులో ఈమెను దించితే సంతకం పెట్టినవాళ్ళు కూడా ఈమెతో దిగాలని, మిగతా బస్సు ఆగకూడదని చెప్పాడు.

నాన్న కదల్లేదు. మా అమ్మ ముందుకు వచ్చి కలం తీసుకుంది. నాకు తెలిసి కువైట్‌లో మా అమ్మ సంతకం ఎవరూ అడగలేదు, ఆమె ఎప్పుడూ నాన్న కాగితంలో ఒక గీతే. తెలుగులో, గుండ్రంగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది. నాన్న ఆ అక్షరాల వైపు చూసి నిట్టూర్చాడు.

"మా ఇంటామె దిగితే నేను మాత్రం కూచ్చోని పోతానా ఏంది? ఇటియ్యి" అని కలం లాక్కున్నాడు.

వెల్డింగు ఆయన మెడ చాచి చూశాడు. "ఇద్దరు సాలంటే ఊకుంట. మూడోది గావాల్నంటే చెప్పు తాతా" అన్నాడు.

తాతయ్య బల్ల సొరుగు లాగి, గోదాము ముద్ర తీసి ఆ పేజీ మీద గట్టిగా కొట్టాడు. తనిఖీ చేసి తీసుకున్నాం అని ఇంగ్లీషులో, అరబ్బీలో ఉండే ముద్ర అది. పంపులకు, పైపులకు వేసేది. మనిషికి ఇదెందుకని నేను అడిగితే, సైనికుడికి చదవడం రాకపోయినా ముద్ర చూడటం వచ్చి ఉంటుందన్నాడు.

బస్సును చాలాచోట్ల ఆపారు. ఒకచోట ఒక సైనికుడు అక్క ముందు నిలబడి జవాజ్ అని చెయ్యి చాచాడు. పాస్‌పోర్టును వాళ్ళు అలా అంటారు. మా అమ్మ లేచి నిలబడింది, దిగడానికి సిద్ధమైనట్టు చెప్పులు వేసుకుంది. తాతయ్య ముందు సీటు నుంచి వచ్చి పట్టీ తెరిచి ముద్ర చూపించాడు. ఆ కుర్రవాడు ముద్ర చూశాడు, అక్కను చూశాడు, మా అమ్మ చెప్పులు చూశాడు. యల్లా, ఇక పోనివ్వమని, దిగిపోయాడు. ముద్రను నమ్మాడో, ఎండకు విసిగిపోయాడో నాకు తెలియదు.

జోర్డాన్ ఎడారిలోని డేరాల్లో మన అధికారులు కాగితం లేనివాళ్ళకు తాత్కాలిక పత్రాలు రాసిచ్చారు. పట్టీలో ఉన్న రెండు పేర్లలో ఏది రాయమంటావని అక్కను అడిగారు. ఆమె తల్లి పెట్టిన పేరు చెప్పింది. బొంబాయిలో దిగాక విడిపోయాం. అప్పుడు కూడా తాళంచెవి ఆమె మూటలోనే ఉంది.

రెండేళ్ళ తర్వాత ఆమె నుంచి ఉత్తరం వచ్చింది, ఎవరి చేతో రాయించింది. సొంత పేరు మీద పాస్‌పోర్టు తీయించుకొని మళ్ళీ కువైట్‌కే, ఆ ఇంటికే వెళ్ళింది. తాళంచెవి మామా చేతిలో పెడితే ఆమె ఏడ్చిందట. ఖర్జూరపు మొక్కల్లో రెండు బతికాయట. కొత్త పాస్‌పోర్టు మళ్ళీ బీరువాలోనే పెట్టారని చివరి వాక్యంలో ఉంది. కోపంగా ఏమీ లేదు, వాన పడిందని రాసినట్టే ఉంది.

పెళ్ళయ్యాక నేను మా ఆయన వీసా కింద ఈ దేశానికి వచ్చాను. అంటే మళ్ళీ గొడుగు కిందకే. వచ్చిన నెలలో లైబ్రరీకి వెళ్ళాను. కౌంటరులో ఉన్నావిడ నా పేరు, చిరునామా అడిగింది. నా పేరుతో ఇంటికి వచ్చిన ఉత్తరం ఏదైనా ఉందా అంది. అన్నీ మా ఆయన పేరు మీదే వస్తాయి. లేదని చెప్పి వెనక్కి తిరిగాను. ఆవిడ పిలిచి ఒక పోస్టుకార్డు ఇచ్చి, నా చిరునామా నన్నే రాయమంది. దాన్ని వాళ్ళే పోస్టు చేస్తారట, అది నాకు చేరాక తెచ్చి చూపిస్తే చాలట. అంతవరకు ఖాళీ చేతులతో ఎందుకని రెండు పుస్తకాలు ఇచ్చి పంపింది. నువ్వు ఎవరి మనిషివని అడగలేదు. నేను ఎవరి మనిషినో చెప్పడానికి నోట్లో మాటలు సిద్ధంగా పెట్టుకొని ఉన్నాను. అవి మిగిలిపోయాయి.

ఈ దేశంలో ఇనుప తలుపులున్న కౌంటర్లు లేవని నేను అనను. వాటి ముందూ నిలబడ్డాను. కాగితం లేనివాళ్ళు రోడ్డు మీదికి రావడానికి భయపడే రోజులూ చూశాను. కువైట్‌ను విడిపించడానికి ఈ దేశపు సైన్యం వెళ్ళడం గొప్పతనమని రాసిన పుస్తకమూ, చమురు కోసమని రాసిన పుస్తకమూ ఒకే అరలో ఉన్నాయి. నాకు మాత్రం ఈ దేశం ప్రత్యేకత ఆ పోస్టుకార్డులో ఉంది. మంగఫ్‌లో ఒక ముసలాయన తన పేరు పణంగా పెట్టి ఒక్క మధ్యాహ్నం చేసిన పని, ఇక్కడ ఒక చిన్న ఊరి లైబ్రరీలో మామూలు పద్ధతి. చేసే మనిషికి ధైర్యం కూడా అక్కర్లేదు. అలాంటి బల్లలు ఎన్ని ఉంటే ఆ దేశం అంత గొప్పదని నా లెక్క. అవి తగ్గితే గొప్ప కూడా తగ్గుతుంది.

ఇప్పుడు వారానికి రెండు రోజులు ఆ కౌంటరు వెనక నేనే కూర్చుంటాను, జీతం లేని పని. కొత్తగా వచ్చినవాళ్ళు బల్ల ముందు నిలబడి ముందు భర్త పేరో, కంపెనీ పేరో చెబుతారు. నేను పోస్టుకార్డు తీసి వాళ్ళ ముందు పెట్టి, వాళ్ళ పేరు వాళ్ళనే రాయమంటాను. రెండు పేర్లున్నవాళ్ళు కలం పట్టుకొని ఆగిపోతారు. మీ అమ్మ పెట్టింది ముందు రాయండి అంటాను. మా దరఖాస్తు కాగితం అడుగున చూసినవారి సంతకం అని ఒక గీత ఉంటుంది. అక్కడ నేను ఇంగ్లీషులో కాకుండా మా అమ్మ పెట్టినట్టే, తెలుగులో, గుండ్రంగా పెడతాను.