ఎక్కి దిగినాక చెప్పు

మా ఫిజియాలజీ ప్రొఫెసర్ మునిరామయ్యగారి గదిలోకి ఎవరు వెళ్ళినా, ఏ పని మీద వెళ్ళినా, ముందు ఆ బల్ల ఎక్కి దిగాల్సిందే. మోకాలెత్తు బల్ల. బంగారుపాళ్యంలో వాళ్ళ తోటలో గాలికి పడిన మామిడిచెట్టు చెక్కతో చేయించి, బస్సు టాపు మీద వేసి తిరుపతికి తెచ్చుకున్నారు. ఎక్కి దిగి, ఎక్కి దిగి, మనం ఊపిరందక తూలుతుంటే అప్పుడు మన చెయ్యి పట్టుకుని నాడి చూసి, "ఇప్పుడు చెప్పప్పా, ఏం పని మీద వచ్చినావు?" అనేవారు. సగంమందికి ఆ పాటికి వచ్చిన పని గుర్తుండేది కాదు.

డెబ్బై ఎనిమిదిలో నేను ఆయన దగ్గర ఎం.డి.లో చేరాను. ఏ ఊరు, ఎవరబ్బాయివి అని కూడా అడగలేదు మహానుభావుడు. "ఎక్కు" అన్నారు.

ఒకసారి కరెంటు దండగవుతోందని ప్రిన్సిపాల్‌గారు మండిపడుతూ వచ్చారు. "సార్, ముందు ఎక్కండి" అన్నారు మునిరామయ్యగారు. ఎంత మర్యాదగా అన్నారంటే, పాపం ఆయన చెప్పులు విప్పి మరీ ఎక్కారు. దిగాక రెండు గ్లాసుల నీళ్ళు తాగి, "ఒళ్ళు తగ్గించాల" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. కరెంటు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ప్రయోగాలకు కప్పలు తెచ్చే చిన్నబ్బనూ వదల్లేదు.

"గోతాం దించి ఎక్కుతా సామీ."

"దించితే ఎట్లబ్బా? రోజూ మోసేవోడివి, మోస్తానే ఎక్కు."

ఎక్కాడు. గోతాం మూతి ఊడింది. మేమంతా బీరువాల కింద పాకుతూ కప్పల వెంట పడుతుంటే, ఆయన మాత్రం చిన్నబ్బ చెయ్యి వదల్లేదు. "కదలొద్దప్పా, లెక్క తప్పతాది" అన్నారు.

ఈయనతో ఎలా వేగుతున్నారమ్మా అని ఆయన భార్య జ్ఞానాంబగారిని అడిగాను. "పెళ్ళిసూపుల్లో అందురూ పాట పాడమంటారు. ఈయన మా ఇంటి ముందర తిన్నె ఎక్కి దిగమన్నాడు నాయనా. ఆ పొద్దే తెలిసిపాయ" అన్నారు.

ఇక శాంతయ్య. కార్వేటినగరం పక్క పల్లె, ఎం.డి.లో నాకంటే ఏడాది ముందు చేరాడు. చదువులో మా అందరికీ మొగుడు. కానీ పరీక్షాధికారి ఎదుట కూర్చుని జవాబులు చెప్పే వైవా అంటే చాలు, చేతులు వణికి, చెమటలు కారి, తన పేరు కూడా నోట్లోంచి ఊడిపడదు. అప్పటికే రెండుసార్లు తప్పాడు. ఈసారి తప్పితే మూటాముల్లె సర్దుకోవడమే. వాడికంటే నాకే ఎక్కువ బెంగగా ఉండేది.

మద్రాసు నుంచి వచ్చిన పరీక్షాధికారి, వణికేవాణ్ణి చూస్తే చదవనివాడని తేల్చేసే రకం. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా. మునిరామయ్యగారు ఆయన్ని గుమ్మంలోనే పట్టుకున్నారు.

"మా డిపార్ట్‌మెంటు పద్ధతి సార్. ఎక్కండి."

ఆయన ఎక్కి దిగాక శాంతయ్యను ఎక్కించారు. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కొలిమితిత్తుల్లా రొప్పారు. శాంతయ్య చేతులు వణుకుతున్నాయి. పెద్దాయనవీ వణుకుతున్నాయి. ఒకరి చేతులొకరు చూసుకుని నవ్వేశారు.

"సరే, మనిద్దరికీ ఈ రొప్పు ఎందుకొచ్చిందో చెప్పు" అన్నాడాయన. అదే మొదటి ప్రశ్న. శాంతయ్య గుండెతో మొదలుపెట్టి, ఊపిరితిత్తులు దాటి, కాలి కండరాల దాకా వచ్చినా ఆగలేదు. చివరికి ఆయనే "చాలు నాయనా, పాసయ్యావు పో" అని చేతులెత్తేశాడు.

ఆ సాయంత్రం మునిరామయ్యగారింట్లో ఉండబట్టలేక అడిగేశాను. అసలా బల్ల ఎందుకు సార్?

"అడగను వచ్చినోడికి దడ ఉంటాదప్పా. దాన్ని దాసుకోలేక సస్తాడు. ఎక్కించినామనుకో, ఆ దడ బల్లదైపోతాది. ఇంక సిగ్గెందుకు?"

"మరి ప్రిన్సిపాల్‌గారినెందుకు ఎక్కించారు?"

"బయపడేవోణ్ణి ఒక్కణ్ణే ఎక్కిస్తే తెలిసిపోదా?"

అంతలో జ్ఞానాంబగారు కాఫీ తెచ్చారు. "అయితే అమ్మా, పెళ్ళిచూపుల నాడు మీకూ అంత భయం వేసిందన్నమాట" అన్నాను.

"నాకేం బయం నాయనా? చెమటకు సొక్కా తడిసిపోయి వచ్చింది ఈయన. నన్ను ఎక్కమని, నాకంటే ముందు తానే ఎక్కినాడు."