ప్రశ్నలకు మిగిలిన సమయం

ఇప్పటికి చాలా ఊళ్ళు తిరిగాను. కాన్ఫరెన్సులంటూ మెళ్ళో ట్యాగు వేసుకుని, వచ్చీరాని ఇంగ్లీషు దంచేసి వచ్చాను. మొదటిసారి వెళ్ళింది మాత్రం బెంగళూరు. గన్నవరంలో విమానం ఎక్కిన దగ్గర్నుంచీ ఒకటే దిగులు. మాట్లాడ్డం గురించి కాదు. మాట్లాడమని నాకు ఒకళ్ళు చెప్పాలా, మొదలెడితే నోరు ఆగదు. దిగులంతా చివర్లో ప్రశ్నలకని వదిలే ఆ కాస్త టైము గురించి. హాల్లో ఎవరైనా, ఏదైనా అడగొచ్చట. స్టేజీ మీద నిలబడి జవాబు చెప్పాలట.

మా నాన్న విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరుగా చేశాడు. మేముండేది కంకిపాడులో. రోజూ స్కూటర్ మీద వెళ్ళొచ్చేవాడు. నేనూ అలాంటి కాలేజీలోనే చదివాను. లేపి అడిగినప్పుడు తెలియదన్నామా, క్లాసు అయ్యేదాకా అందరి ముందూ నిలబడే ఉండాలి. పరీక్షలో అయితే తెలియనిది వదిలేయొచ్చు. చేతిలో మైకు పెట్టుకుని ఎక్కడ వదిలేస్తాం? ఇంట్లోనూ అదే వరస. నాన్నని ఎవరేది అడిగినా టకీమని చెప్పేవాడు. ఆయన నోట తెలియదన్న మాట నాకు బుద్ధి తెలిశాక వినలేదు.

అందుకని ఒక అతితెలివి పని చేశాను. కావాల్సినదానికంటే బోలెడన్ని స్లైడ్లు ఎక్కువ పెట్టుకున్నాను. నిదానంగా సాగదీస్తే ప్రశ్నల టైము కూడా వాటికే సరిపోతుంది. ఆనక "అయ్యో, టైము అయిపోయిందే" అని నవ్వుకుంటూ దిగిపోవచ్చు. కింద కాలవలూ పొలాలూ చిన్నవైపోతుంటే, కిటికీ పక్కన కూర్చుని నా తెలివికి నేనే మురిసిపోయాను.

హాలు చూడగానే ఆ మురిపెం దిగిపోయింది. అంతమంది ఒకేచోట, అందరూ నాలాగే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు! ఆ పొద్దున మొదట మాట్లాడింది, మేమంతా రోజూ వాడే ఒక డేటాబేస్‌ని మొట్టమొదట రాసినావిడ. ఆవిడ పేరు కోడ్ పైన చూడ్డమే గానీ, ఆ పేరు వెనక ఒక మనిషి ఉంటుందని, ఆ మనిషికి తెల్లజుట్టూ మోకాళ్ళ నొప్పులూ ఉంటాయని ఎప్పుడూ అనుకోలేదు. మాట్లాడ్డం అయ్యాక వెనకనుంచి ఒకమ్మాయి లేచి, డేటా రాస్తుండగా ఫలానా దశలో కరెంటు పోతే ఏమవుతుందని అడిగింది. ఆవిడ హాలంతా ఒకసారి కలయజూసింది.

"నాకు తెలియదు. ఇక్కడ ఎవరికైనా తెలుసా?"

తను రాసినదాని గురించే తనకి తెలియదంటోంది, అదీ ఇంతమంది ముందు! నవ్వుతారేమోనని చుట్టూ చూశాను. ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు. పైగా కుర్చీల్లో ముందుకి జరిగారు. ఒకాయన లేచి తను గమనించింది చెప్పాడు. ఇంకొకావిడ అది కాదంది. ఈ పెద్దావిడేమో మోకాళ్ళు పట్టుకుని స్టేజీ మెట్ల మీద కూలబడి, చెంపకి చెయ్యి ఆనించి, మళ్ళీ చెప్పమని అడుగుతూ వింటోంది. ఆవిడ మొహం ఎంత వెలిగిపోతోందో! అన్నీ తెలిసినవాళ్ళని చూసి చిన్నప్పట్నుంచీ భయపడ్డాను గానీ, ఒక మనిషికి దండం పెట్టాలనిపించడం నాకదే మొదలు.

నా వంతు మధ్యాహ్నం. భోజనాల దగ్గర ప్లేటు పక్కన పెట్టి, ఆ ఎక్కువ స్లైడ్లన్నీ తీసిపారేశాను.

నేను చెప్పింది, నెట్ లేకపోయినా చిన్న కొట్లలో పనిచేసే బిల్లింగ్ యాప్ గురించి. బాగానే చెప్పాను. ప్రశ్నలకి నిక్షేపంగా టైము మిగిలింది. మొదటివి నాకు తెలిసినవే. తర్వాత ఒకాయన, కొట్టతను ఫోను పోగొట్టుకుని కొత్తది కొన్నాక, పాతది దొరికి దాన్నీ ఆన్ చేస్తే లెక్కలేమవుతాయని అడిగాడు. నేను కలలో కూడా అనుకోలేదది. ఏదో ఒకటి అల్లేద్దామనే నోరు తెరిచాను. అల్లగలను కూడా.

తెలియదన్నాను.

కొంపలేం మునగలేదు. ఆయన తలూపి, టీ టైములో కూర్చుని చూద్దామా అన్నాడు. నిజంగానే వచ్చాడు, ఇంకొందరిని వెంటేసుకుని. నేనెవరో వాళ్ళకి తెలియదు, నా యాప్‌తో వాళ్ళకి పని లేదు. అయినా టీలు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నా లాప్‌టాప్ మీదకి వంగి, లెక్క ఎక్కడ తప్పుతుందో కనిపెట్టేదాకా కదల్లేదు. ఇలాంటి మనుషులు ఉంటారా అని నోరెళ్ళబెట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

తిరిగొచ్చినప్పుడు గన్నవరం ఎయిర్‌పోర్టుకి నాన్న స్కూటర్ వేసుకొచ్చాడు. అప్పటికే రిటైరయ్యాడు. బ్యాగు ముందు పెట్టుకుని, బండి కదలగానే అడిగాడు.

"అడిగినవాటన్నిటికీ చెప్పావా?"

"ఒకటి తెలియదని చెప్పాను నాన్నా."

ఆయన బండి వేగం పెంచాడు. అయిపోయింది, ఇంటిదాకా ఇంతే అనుకున్నాను. ఉప్పులూరు దాటాక బండి నెమ్మది చేసి, అలా అంటే వాళ్ళేమన్నారని అడిగాడు. అంతా చెప్పాను. మెట్ల మీద కూర్చున్న పెద్దావిడ గురించి కూడా. వింటున్నాడో లేదో వెనకనుంచి తెలియలేదు. కంకిపాడు దగ్గరపడ్డాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"పిల్లలు నాకు తెలియంది అడిగితే, అది సిలబస్‌లో లేదు, కూర్చోమనేవాణ్ణి. మంచి మంచి ప్రశ్నలమ్మా. ఒక్కటి కూడా గుర్తుపెట్టుకోలేదు."