రువాన్ చరిత్రలో తీసేసిన వాక్యం

రువాన్ పేరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాపం, ఆ ఊరు నాకేమీ చేయలేదు. ఫ్రాన్స్‌లో ఒక నది ఒడ్డున దాని మానాన అది ఉంది. నేనే కెనడాలో, కిచెనర్ ఊళ్లో ఒక బేస్‌మెంట్‌లో, తడి బూట్ల వాసన మధ్య కూర్చుని దాని చరిత్ర బట్టీ పట్టాను.

కాలేజీలు మాలాంటి వాళ్లను బస్సులో కుక్కినట్టు చేర్చుకున్న రోజులవి. చదువైపోయింది, వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది, ఇక్కడే ఉండిపోనిచ్చే పీఆర్‌కు పాయింట్లు చాలడం లేదు. ఫ్రెంచ్ వస్తే పాయింట్లు పెరుగుతాయని ఎవరో అన్నారు. అంతే, అందరం ఎగబడ్డాం. మాకు పాఠం చెప్పే అన్నది వరంగల్. ఆయన పద్ధతి ఒక్కటే. స్పీకింగ్ టెస్టులో ఏమడిగినా మెల్లగా రువాన్‌కు మళ్లించాలి. ఇష్టమైన కూర ఏదంటే రువాన్‌లో తిన్నాననాలి. అక్కడి నుంచి గుక్క తిప్పుకోకుండా రోమన్లు, పడవల్లో వచ్చిపడిన దోపిడీగాళ్లు, సంతలో నిలువునా కాల్చేసిన ఆడపిల్ల, ప్లేగు, బాంబులు, మళ్లీ నిలబెట్టుకున్న చర్చి. పాపం ఆ జనం అన్ని శతాబ్దాలు చచ్చి బతికింది మా పాయింట్ల కోసమన్నట్టు ఉండేది.

నాకు ఊరికే మింగడం రాదు. లైబ్రరీలో కూర్చుని ఇంకా చదివాను. మా బందరు రేవులో ఓడలెక్కిన పూల బట్టలంటే ఒకప్పుడు ఫ్రాన్స్ జనం పడి చచ్చేవారట. రాజుగారు వాటిని నిషేధించారట. నిషేధం ఎత్తేశాక రువాన్ వాళ్లు అలాంటి పూలే తమ నూలు బట్ట మీద అచ్చు వేసుకుని బాగుపడ్డారట. చదువుతుంటే కోపం, గర్వం కలిసే వచ్చాయి. మాది బందరు పక్క పెడన, కలంకారీ అద్దకాల ఊరు. కరక్కాయ కలిపిన గేదె పాలలో నానిన బట్ట వాసనలో పెరిగాను. అమ్మ అచ్చుదిమ్మ మీద పిడికిలితో గుద్దే చప్పుడుకే పొద్దున్నే మెలకువ వచ్చేది.

ఆ బందరు పూల బట్టల సంగతి ఒక వాక్యంగా రాసి అన్నకు చూపించాను.

"గిదెందుకమ్మా? కష్టమైన మాటలున్నయ్. ఒక్కటి తప్పు పోయినా స్కోర్ పోతది. డిలీట్ చెయ్."

"ఇది మా ఊరి సంగతి అన్నా."

"మీ ఊరికి పాయింట్లు ఇస్తలేరు."

అందరూ నవ్వారు. నేను తీసేశాను.

టెస్టులో నన్ను ప్రశ్నలడిగిన ఆవిడది నెరిసిన జుట్టు, మెత్తని గొంతు. నచ్చిన ప్రయాణం గురించి చెప్పమంది. నేను రోమన్లతో మొదలుపెట్టి ప్లేగు దాకా వచ్చేసరికి ఆవిడ కలం కింద పెట్టింది.

"వారమంతా రువాన్ గురించే వింటున్నాను. మిగతావాళ్లు చెప్పనిది ఏమైనా చెప్పండి" అంది.

వెటకారం లేదు. నిజంగానే వినాలనుకుంది. చెప్పాల్సింది గొంతు దాకా వచ్చింది. కానీ బట్టను, అచ్చును ఫ్రెంచ్‌లో ఏమంటారో ఆ తీసేసిన వాక్యంతోనే పోయింది. అన్న మీద, నవ్విన వాళ్ల మీద, మనిషిని పాయింట్లతో తూచే ఈ దేశం మీద పళ్లు నూరుకున్నాను. చివరికి బట్టీ పట్టిన ఆఖరి ముక్కే బయటికొచ్చింది.

"రువాన్ చాలా అందమైన ఊరు."

ఆవిడ తలూపి ఏదో రాసుకుంది. తర్వాత వచ్చిన స్కోరు పీఆర్‌కు చాలలేదు.

టెస్టు రోజు బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక చూసుకున్నాను. కోటు లోపల, మెడలో, అమ్మ అచ్చు వేసిన చున్నీ ఉంది. మాటలు రాకపోయినా, తీసి ఆవిడ ముందు బల్ల మీద పరిచినా సరిపోయేది.