పిన్ని దాటవేయని మాట

మా పిన్ని పోయి ఇంకా నెల కాలేదు. ఆమె గురించి రాయాలంటే ఆమె చదివి వినిపించిన జర్మన్ కథల దగ్గరే మొదలుపెట్టాలి.

అమ్మ చనిపోయాక నాయన రెండో పెళ్లి చేసుకున్నాడు. అట్లా వచ్చినామే మా పిన్ని. జలదంకి వైపు మనిషి, ఉదయగిరిలో ఇంగ్లీషు టీచరు. జర్మన్ జానపద కథల పాత ఇంగ్లీషు అనువాదం ఒకటి ఆమె దగ్గర ఉండేది. సాయంత్రాలు వసారాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక వాక్యం ఇంగ్లీషులో చదివేది, అక్కడే వేలు పెట్టి దాన్ని తెలుగులో చెప్పేది. ఏదీ కలిపేది కాదు, ఏదీ తీసేసేది కాదు.

ఒకరోజు పిల్లలను అడవిలో వదిలేసే కథ వచ్చింది. మా అవ్వ వేరుశనక్కాయలు వలుస్తూ వింటోంది. ఆ దేశంలో కరువు వచ్చిందని, ఇంట్లో రొట్టెకు కూడా కరువేనని పిన్ని చెప్పినప్పుడు, "కరువంటే అట్నే ఉంటాది" అంది అవ్వ. పిల్లలను వదిలేద్దామన్నది సవతి తల్లి అనగానే మాత్రం అవ్వ చెయ్యి ఆగింది.

"ఏందమ్మా, నీ నోటితో నువ్వే చెప్తావా? అమ్మ అని చెప్పరాదా? బిడ్డకేం తెలస్తాది?"

"పుస్తకంలో ఉండేది అదే గదా అత్తా. రేపు పాప సొంతంగా చదువుకుంటాది. అప్పుడు నేను చెప్పిన తక్కిన మాటలు కూడా నమ్మదు."

"నిన్ను చూసి భయపడితే?"

"భయపడితే అడుగుతాది. ఏం పాపా?"

నేను అడిగాను. "నన్నూ మన ఊరి కొండ మీద వదిలేస్తావా?"

"నిన్నా? కొండెక్కే లోపలే ఎత్తుకోమంటావు. నా వల్ల కాదు తల్లీ."

ముందు నవ్వింది అవ్వే.

ఆత్మకూరులో నేను ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరాక అవే కథలకు కొత్త అనువాదం దొరికింది. జర్మన్ తొలి ముద్రణ నుంచి చేసినది. అందులో సవతి తల్లి లేదు. పిల్లలను వదిలేద్దామన్నది కన్నతల్లే. తర్వాతి ముద్రణల్లో మార్చారట. ఆ శనివారమే పుస్తకం తీసుకుని ఉదయగిరి బస్సెక్కాను.

పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ నిదానంగా చదివింది.

"ఇంగ్లీషు తేలిగ్గా ఉండాది. అట్టని పాతదాన్ని తీసెయ్యబాక. మీ కాలేజీ పిల్లోళ్ల చేత రెండూ చదివించు."

"అది కాదు పిన్నీ. తప్పు సవతి తల్లిది కాదంట, చూడు."

"నాకెందుకే ఆ సర్టిఫికెట్టు? ఆ మాట చదివిన పొద్దు కూడా నువ్వు నా పక్కనించి లేవలా."

మొన్న పెద్దకర్మ రోజు మా మేనత్త పక్కవాళ్లతో అంటోంది, "పేరుకే సవతి తల్లి. కన్నతల్లి మాదిరి సాకింది." మంచి మనసుతో అన్న మాటే. నలుగురిలో నేను గొంతెత్తే మనిషిని కాదు. ఆరోజు ఎత్తాను.

"పేరుకేంది అత్తా? ఆమె నా సవతి తల్లే. సవతి తల్లిగానే సాకింది. అట్నే చెప్పు."

అత్త నా ముఖం చూసి, "సరేలేమ్మా" అంది. కాసేపటికి మర్రిపాడు చుట్టాలు వచ్చారు. దండ వేసిన ఫోటో ఎవరిదని వాళ్ల పిల్ల అడిగితే అత్తే నన్ను చూపించి చెప్పింది.

"దీని సవతి తల్లి. దీనికి ఇంగ్లీషు నేర్పినామె."